నెల్లిమర్ల దాటితే పక్షం మారాలి

మా అమ్మాయి పోటీ పరీక్షలకి చదువుతోంది. మొన్న పొద్దున్న నేను అద్దం ముందు గడ్డం గీసుకుంటూ ఉంటే తలుపు దగ్గర నిలబడి, "నాన్నా, ఇస్లామోఫోబియా అన్న మాట అవసరమా, అనవసరమా? రెండు పక్కలా రాసి నీ అభిప్రాయం సెప్పమన్నాడు మా కోచింగు సారు. ఏటి రాయాల?" అని అడిగింది. ఏళ్ళ తరబడి హైస్కూల్లో సోషల్ చెబుతున్నవాణ్ణి. పెద్ద మాట వినబడితే చాలు, నాకు హుషారు పుడుతుంది. వెంటనే మొదలుపెట్టాను. రెండు వాక్యాలయ్యాక బ్లేడు బుగ్గ మీదే ఆగిపోయింది. టీచరమ్మ గుర్తొచ్చింది, నవ్వొచ్చింది, బుగ్గ తెగింది.

ఆవిడ పోయి ఏడాది దాటింది. పేరు రాయడం లేదు. తనని ఎవరైనా పొగిడితే "ఆధారం?" అని కళ్ళజోడు మీంచి చూసే మనిషి. అంచేత పొగడ్తా రాయడం లేదు. మా రైల్లో ఆవిడ ఎలా ఉండేదో, నన్ను ఏం చేసిందో, అదే రాస్తాను.

విజయనగరంలో కాపురం ఉండి చీపురుపల్లి చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకునేవాళ్ళం ఓ పదిమందిమి పొద్దున్న పేసింజరుకి వెళ్ళేవాళ్ళం. అందరివీ సీజన్ టిక్కెట్లు. ఎప్పుడూ అదే పెట్టె, అవే సీట్లు. టీచరమ్మది కిటికీ పక్క సీటు, అదీ ఇంజనుకి వీపు పెట్టి కూర్చునేది. పొట్టి మనిషి. నేత చీర, చేతిలో మగవాళ్ళు పట్టే నల్ల గొడుగు. ఎండా వానా లేని రోజున కూడా ఆ గొడుగు ఉండాల్సిందే. ఎందుకంటే దాంతో నేల మీద కొట్టకుండా ఆవిడ మాట మొదలవదు. మా అందరి టిఫిన్ బాక్సుల మూతలూ ఆవిడే తీసేది. ఎవరి బాక్సు ఎవరు తినాలో ఆవిడే పంచేది. మా ఆవిడ చేసిన కొబ్బరి పచ్చడి ఎప్పుడూ ఆవిడ వాటాకే వెళ్ళేది. నాకు మిగిలేది వాసనే.

ఆవిడ ఉద్యోగం తెలుగు టీచరు. ముస్లిం ఆవిడ తెలుగు పద్యాలు ఇంత చక్కగా చెబుతుందేమిటని ఆశ్చర్యపోయేవాళ్ళు ఎప్పుడూ ఎవరో ఒకరు తగిలేవారు. "మా ఇంట్లో కూడా ఇడ్లీయే తింతాం బాబూ, అది కూడా రాసుకో" అనేది.

మా పెట్టెలో ఒక పద్ధతి ఉండేది. పెట్టింది ఆవిడే. విజయనగరంలో రైలు కదలగానే ఆ రోజు విషయం చెప్పాలి. ఒకరు ఔననాలి, ఒకరు కాదనాలి. నెల్లిమర్లలో మా పేసింజరు వెనకొచ్చే ఎక్స్‌ప్రెస్‌కి దారిచ్చి కాసేపు ఆగుతుంది. మళ్ళీ కదలగానే టీచరమ్మ గొడుగుతో టక్కున కొట్టి, "పక్షం మార్సు!" అనేది. ఔనన్నవాడు కాదనాలి. కాదన్నవాడు ఔననాలి. ఏదో మొక్కుబడికి కాదు, మొదటిదానికన్నా గట్టిగా మాట్లాడాలి. గరివిడి దాటాక తీర్పు. టీచర్లు ఫోనులో మొహం చూపించి హాజరు వేసుకోవడం మంచిదా కాదా, వంకాయ గొప్పదా బెండకాయ గొప్పదా, అన్నిటికీ ఇదే పద్ధతి. ఎవరైనా ఉపన్యాసం సాగదీస్తే ఆవిడ మధ్యలో ఆపి, "అయితే ఏటంతావు?" అనేది. ఆ ప్రశ్నకి తట్టుకున్న ఉపన్యాసం నేనెరగను. నావి అసలే తట్టుకునేవి కావు.

తీర్పు చెప్పేది అప్పలనర్సమ్మ. నెల్లిమర్లలో గంపతో ఎక్కి ఉడకబెట్టిన చెనక్కాయలు అమ్ముకునే ఆవిడ. మొదటి సగం వాదన ఆవిడ విననే వినదు కదా అని నేనొకసారి అభ్యంతరం చెప్పాను.

"అందుకే ఆవిణ్ణి ఎట్టినాను" అంది టీచరమ్మ. "ముందు మాట అందరికీ బాగానే వస్తాది తమ్ముడూ. ఇంటికాడ వొండుకొచ్చిందే గదా. నెల్లిమర్ల దాటినాక ఏటి మాటాడతాడో, అది వింటే సాలు."

ఆవిడ తన వాళ్ళతోనూ అంతే. బి.ఇడి.లో చేరిన కొత్తలో వాళ్ళ బంధువుల్లో ఒక పెద్దాయన ఇంటికొచ్చి, ఆడపిల్ల ఉద్యోగానికి తిరగడం మతం ఒప్పదని వాళ్ళమ్మకి చెప్పాడట. ఈవిడ ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, "ఆధారం?" అందిట. ఆయన ఒకటి చెప్పడం, ఈవిడ పుస్తకం తెచ్చి ముందు పెట్టడం. మూడు టీలయ్యాయి. చివరికి ఆయన చెప్పులు మరిచిపోయి వెళ్ళిపోయాడని, వారం దాకా వాటికోసం రాలేదని చెప్పేటప్పుడు గొడుగు ఊపుకుంటూ నవ్వేది. పెట్టంతా నవ్వేది.

ఇక నా సంగతి.

ఆవిడ వాళ్ళమ్మతో ఉండే అద్దె ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కడతామన్నారు. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. వాళ్ళమ్మకి వారానికి రెండుసార్లు విజయనగరం ఆసుపత్రిలో వైద్యం, కాబట్టి ఊరు వదిలే వీల్లేదు. ఇల్లు దొరక్కపోతే సెలవు పెట్టి కూర్చోవాలి. ఒకరోజు ప్లాట్‌ఫారం మీద నన్ను పక్కకి పిలిచి, "తమ్ముడూ, మీ పక్క పోర్సను కాళీ అయినాదట గదా. మాకిస్తావేటి?" అని అడిగింది.

నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అదే నాకిప్పటికీ సిగ్గు. "అయ్యో టీచరమ్మా, నిన్ననే మా బావమరిదికి మాటిచ్చీసినాం" అన్నాను. మా ఆవిణ్ణి అడగలేదు. బావమరిది అడగలేదు. ఆ అబద్ధం నోట్లో ఎప్పట్నుంచి తయారుగా ఉందో నాకే తెలీదు.

మేం బాప్టిస్టులం. ఆ వీధిలో ఇల్లు కట్టుకుని నాలుగేళ్ళయింది. క్రిస్మస్‌కి గుమ్మం ముందు నక్షత్రం కడితే పక్కింటి నాయుడుగారు రెండు రోజులు ముభావంగా ఉన్నారు. తర్వాత సర్దుకున్నారు. ఇప్పుడిప్పుడే వాళ్ళింటి పనసకాయ మా ఇంటికొస్తోంది. ఇంతలో ముస్లిములకి అద్దెకిస్తే వీధి ఏమనుకుంటుందో అని. అంతే. మా నాన్న మేస్టారుగా తిరిగిన ఊళ్ళలో కులం అడిగినవాళ్ళ చేతా, చర్చి అడిగినవాళ్ళ చేతా ఇల్లు లేదనిపించుకున్నవాడు. ఆ కథ నేను పిల్లలకి పాఠంలో కూడా చెబుతాను. అలాంటివాడి కొడుకుని!

"పోనీలే" అంది ఆవిడ. రైల్లో మామూలుగానే నా బాక్సు మూత తీసింది.

వారం తిరక్కుండానే ఎవరి ఫోనులోనో ఏదో టీవీ గొడవ చూసి, ఆ రోజు విషయం ఇస్లామోఫోబియా అన్నారు. ఆ మాట ఉండాలా, అక్కర్లేదా? నేను ఎగిరి ఔననే పక్షం తీసుకున్నాను. కాదనే పక్షం టీచరమ్మది. పంచాయతీ సెక్రటరీ సూర్యనారాయణ, పెట్టెలో అందరికీ బావ, ఎవరి పక్షమూ కాకుండా అడ్డం పడ్డాడు. "మన వైపు ఇలాటియ్యేటి నేవు. అందరం బావా, మావా అనుకుని బతికీసినోళ్ళం. ఆ ఇంగిలీసు మాట తెచ్చి మనకెందుకు అంటించడం?"

నేను దంచేశాను. పేరు పెట్టనిదాన్ని ఎదిరించలేమన్నాను. ద్వేషం మర్యాద బట్టలేసుకుని వస్తుందన్నాను. రాజ్యాంగం దాకా వెళ్ళాను.

"అయితే ఏటంతావు?" అంది.

"మాట ఉండాల అంతాను."

ఆవిడ గొడుగు నేలకి కొట్టింది. "నాకు బల్లంటే ఫోబియా. బల్లిని సూస్తే మంచమెక్కి కేకలేస్తాను. మా యమ్మని అడగండి. మరి నన్నొద్దన్నోడు ఎవడూ నన్ను సూసి కేకలెయ్యనేదే! కుర్సీ ఏసి, కాఫీ ఇచ్చి, నవ్వుతూ వొద్దన్నాడు. అది భయమేటి? భయం అని పేరెడితే రోగిష్టోడయిపోతాడు. రోగిష్టోడి మీద జాలి పడాల. నానెందుకు పడాల జాలి? ఇంకోటి. మా పెద్దాయన్ని ఆధారమేటని నానడిగినాను. రేపు నన్ను కూడా ఇదే మాటతో కొడతారు, ఇస్లాం మీద భయం దీనికి అని. మతాన్ని అడగాల. మడిసిని గెంటకూడదు. రెండింటికీ ఒకే మాటైతే ఎలాగ?"

పెట్టెలో చప్పట్లు. నేనూ కొట్టాను. నెల్లిమర్లలో రైలు ఆగింది. అప్పలనర్సమ్మ గంపతో ఎక్కి నా కాళ్ళ దగ్గర కూలబడింది. ఎక్స్‌ప్రెస్ వెళ్ళిపోయింది. మా రైలు కదిలింది. "పక్షం మార్సు!" అని ఆవిడే అని, ఆవిడే మొదలుపెట్టింది.

"ఆ మాట ఉండాల. ఎందుకో సెప్తాను. నెల నుంచి ఇల్లు ఎతుకుతన్నాను. ఏడిళ్ళు సూసినాను. మొదటాయన మీరు ఇద్దరే ఉంటారా, మాకు పెద్ద కుటుంబం గావాలన్నాడు. రెండో ఆయన మీరు ఇద్దరున్నారా, మాకు ఒక్కరైతే బాగుణ్ణన్నాడు." పెట్టె నవ్వింది. ఆవిడా నవ్వింది. "మూడో ఆయనికి మరమ్మతులు. నాలుగో ఆవిడ మా పేరు అడిగీవరకూ అక్కా అంది, పేరు ఇన్నాక మేడమ్ అంది. ఐదో ఆయన శాకాహారులకే అన్నాడు. ఇంట్లోంచి సేపల పులుసు వాసన వస్తన్నాది! ఆరో ఆయన నాకు బాగా తెలిసినోడు. మంచోడు. ఆయనింటి అన్నం తిన్నాను. మా బావమరిదికి ఇచ్చీసినాం అన్నాడు. గేటుకి బోర్డు మాత్రం తియ్యనేదు. పాపం, మరిసిపోనాడు."

ఓర్నాయనో! బోర్డు! నిజంగానే మరిచిపోయాను. ఆవిడ నా వైపు చూడలేదు. కిటికీలోంచి వెనక్కి పోతున్న చేలకేసి చూస్తూ మాట్లాడింది.

"ఏడో ఆయనికి వాస్తు కుదరనేదట. ఏడుగురూ ఏడు కారణాలు సెప్పినారు. ఒక్కోటీ ఇడిగా సూస్తే మర్యాదైన కారణమే. ఎవరినీ తప్పు పట్టనేం. ఏడూ ఒక సంచిలో ఎయ్యాల, అప్పుడు బరువు తెలుస్తాది. ఆ సంచే ఆ మాట. సంచి బాగోనేదు, నాను ఒప్పుకుంతాను. ఎవడికి గావాలిస్తే ఆడు అందులో అడ్డమైనయ్యీ ఏసుకుంటన్నాడు. అయినా సంచి గావాల."

బావ చేతిలో చెనక్కాయ ఒలవకుండా అలాగే పట్టుకున్నాడు. అప్పలనర్సమ్మ ఒక్కత్తే అడిగింది. "ఆ ఆరో ఇంటోడు, నీకు తిండెట్టినోడా టీచరమ్మా?"

"అవును."

"ఛీ" అంది అప్పలనర్సమ్మ. గుప్పెడు చెనక్కాయలు తీసి అలవాటుగా నా చేతిలో పెట్టింది.

ఇక నేను కాదనే పక్షం మాట్లాడాలి. గొంతు బాగోలేదన్నాను. చీపురుపల్లి వచ్చేసింది. "మేస్టారు ఓడిపోనాడు" అంటూ దిగిపోయారు అందరూ.

మర్నాడు నేను బస్సుకి వెళ్ళాను. ఆ మర్నాడూ బస్సే. మూడోరోజు మా ఆవిడ, "రైలు సీజను పెట్టుకుని బస్సు ఎక్కుతున్నారేటి?" అని నిలదీసింది. చెప్పాను. ఆవిడ చాకు కింద పెట్టింది.

"మా తమ్ముడికా? సొంతిల్లు ఉన్నోడికి మనిల్లెందుకు? వాడి పేరు సెప్పి అబద్ధమాడతారా? నన్నొక్కమాట అడిగినారా? మీ నాన్నగారి కథ సెప్పి ఊరంతా సప్పట్లు కొట్టించుకుంతారు గదా, సిగ్గు నేదూ?" అక్కడితో ఆగలేదు. మిగతాది రాయను.

నాలుగోరోజు రైలెక్కాను. టీచరమ్మ ఏమీ జరగనట్టు జరిగి చోటిచ్చింది. విజయనగరం నుంచి నెల్లిమర్ల దాకా నేను ఆ రోజు వాదనలో కలవకుండా కూర్చున్నాను. అప్పలనర్సమ్మ ఎక్కింది. రైలు కదిలింది. గొడుగు చప్పుడు కాకముందే లేచి నిలబడ్డాను.

"మొన్న నా రెండో పక్షం మిగిలిపోయింది. ఇప్పుడు సెప్తాను. ఆ మాట అక్కర్లేదు. ఎందుకంటే ఆ ఆరో ఇల్లు నాది."

పైన రాడ్డు పట్టుకున్నాను.

"టీచరమ్మంటే నాకు భయం నేదు. ద్వేషం అసలే నేదు. మా పక్కింటోళ్ళు ఏమనుకుంతారో అని అబద్ధమాడినాను. దీనికి అంత పెద్ద పేరెందుకు? పెద్ద పేరెడితే అది ఎక్కడో టీవీలో ఉన్నాదనుకుంతాను, నాకు కాదనుకుంతాను. మొన్న ఔనని మాటాడినప్పుడు అలాగే అనుకున్నాను. దీనికి నా పేరు ఎట్టండి. సాలు."

చెప్పి కూర్చుండిపోయాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. అలవాటు ప్రకారం ఎవరైనా "అయితే ఏటంతావు" అంటారేమో అనుకున్నాను. టీచరమ్మ కళ్ళజోడు తీసి చీర చెంగుతో మెల్లిగా తుడిచింది. మళ్ళీ పెట్టుకుంది.

"బాగా మాటాడినావు తమ్ముడూ. నీ జన్మలో ఇంత బాగా మాటాడనేదు" అంది. "కానీ నానొప్పుకోను. నీ పేరెడితే నువ్వొక్కడివే దొరుకుతావు. మిగతా ఆరుగురూ ఎలిపోతారు. ఏడుగురిలో రైల్లో లేసి నిలబడినోడివి నువ్వొక్కడివే. నిన్నొక్కడినే పట్టుకోడం నాయమేనా?"

గట్టిగా నవ్వేశాను. ఏడుపూ వచ్చింది. బావ ముక్కు చీదాడు.

తీర్పు కోసం అందరం అప్పలనర్సమ్మ వైపు చూశాం. ఆవిడ గంప సర్దుకుంటూ, "మీ మాటలు నాకు తెల్దు గానీ మేస్టారూ, ఆ ఇల్లు ఇంకా కాళీగా ఉన్నాదా నేదా?" అంది.

"ఉన్నాది."

"అయితే సూపించు. ఇంకా వాదనేటి?"

ఆదివారం పదిగంటలకి టీచరమ్మ వాళ్ళమ్మని తీసుకుని ఆటోలో వచ్చింది. మా ఆవిడ శనివారమంతా ఆ పోర్షను కడిగింది. నేను సున్నం మరకలు గీకాను. టీచరమ్మ గడపలో చెప్పులు విడిచి, కాఫీ తర్వాత తాగుతానని, ముందు ఇల్లు చూపించమంది. చూపించడం కాదు, తనిఖీ! పంపులన్నీ తిప్పింది. అలమరలు తెరిచి వాసన చూసింది. బాత్రూములో చెంబెడు నీళ్ళు పోసి, అవి ఎటు పారుతున్నాయో వంగి చూసింది. గొడుగుతో గచ్చు మీద అక్కడక్కడా కొట్టింది. వంటింటి కిటికీ తెరిచి, ఎదురుగా పక్కింటి గోడ కనిపిస్తే పెదవి విరిచింది. వాళ్ళమ్మ గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని, కూతురు ఏమంటుందా అని నవ్వుతూ చూస్తోంది. నేనూ మా ఆవిడా పెళ్ళిచూపుల్లో పిల్ల తరఫువాళ్ళలా వెనకాలే తిరిగాం.

కాఫీ తాగింది. గ్లాసు కింద పెట్టింది.

"ఇల్లు నాకు నచ్చనేదు తమ్ముడూ" అంది.

మా ఆవిడ, "కిటికీ మార్పించేస్తాం టీచరమ్మా, నీళ్ళు పారేలా గచ్చు తిరగేయిస్తాం" అంటూ వేళ్ళు లెక్కపెట్టేస్తోంది.

"వొద్దమ్మా. నాకు ఇల్లు దొరికీసినాది. మన సెక్రెట్రీ లేడూ, మొన్న నానా ఏడిళ్ళ లెక్క సెప్పిన రోజే, రైలు దిగిన ఎంటనే వాళ్ళ పిన్నికి ఫోను సేసినాడు. ఆ మాటా అక్కర్లేదు, ఈ మాటా అక్కర్లేదు, తాళం తీసుకోండన్నాడు. బుధవారం సామాను ఎక్కించీసినాం."

అంత గొంతు చించుకుని ఆ మాట ఉండాలన్నవాణ్ణి నేను. మన వైపు అలాంటివి లేవని కొట్టిపారేసినవాడు బావ. ఇల్లిప్పించింది వాడు. ఈ లెక్క నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

"మరి ఇల్లు దొరికినాక ఇక్కడికెందుకు వచ్చినారు టీచరమ్మా?" అన్నాను.

ఆవిడ లేచి గొడుగు తీసుకుంది. నా మొహంలోకి సూటిగా చూసింది. కళ్ళలో అల్లరి ఉంది, అల్లరి ఒక్కటే కాదు.

"ఇల్లు ఎతుక్కునోళ్ళందరూ ఒక పని సేస్తారు తమ్ముడూ. వస్తారు, సూస్తారు, తప్పులెంచుతారు, మాకొద్దని ఎల్లిపోతారు. నాకా భాగ్యం ఒక్క ఇంట్లోనూ దొరకనేదు. నానొద్దనీలోపే వాళ్ళే వొద్దనీసినారు. ఒక్కసారైనా నాను వొద్దనాలనిపించినాది. నిన్ను తప్ప ఎవరినడుగుతాను?"

మా ఆవిడ ముందు నవ్వింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుని ఆటో దాకా నడిపించాను. ఆటో వీధి మలుపు తిరిగింది. గోడ అవతల నుంచి నాయుడుగారు తొంగిచూసి, "ఎవరు మేస్టారూ వాళ్ళు? ముస్లిములా? పోర్సను ఇచ్చీసినారేటి?" అని అడిగారు.

"ఇస్తామన్నామండీ" అన్నాను. వీధి చివరిదాకా వినబడాలని గొంతు పెంచాను. "ఆవిడకే మా ఇల్లు నచ్చనేదు."